సీసా ఊపిరితిత్తులు, మేక గుండెకాయ: ఒక నల్లగొండ ఉపాధ్యాయుని జీవశాస్త్ర వీడియోలపై సమీక్ష

మానవ శరీరం గురించి తెలుగులో చెప్పే వీడియోలకు ఇప్పుడు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం పాఠ్యపుస్తకంలోని వాక్యాలను తెర మీద చదివి వినిపించేవి, లేదా ఎక్కడో తయారైన యానిమేషన్‌కు తెలుగు మాటలు జోడించినవి. ఇంట్లో దొరికే వస్తువులతో ఒక నమూనాను కళ్ల ముందే తయారుచేసి, దానితో ఒక అవయవం పనితీరును చూపించి, ఆ తర్వాత ఆ నమూనాకూ అసలు అవయవానికీ ఉన్న తేడాను కూడా విడమరిచి చెప్పే వీడియోలు చాలా అరుదు. నల్లగొండలో ఉంటున్న ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు యూట్యూబ్‌లో పెడుతున్న పాఠాలు ఆ అరుదైన కోవకు చెందినవి. దేవరకొండ ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో అదే సబ్జెక్టు బోధిస్తున్న నేను వీటిని తరగతిలో వాడి చూశాను, పిల్లలతో చేయించి చూశాను. వీటిలో ఏవి మేలైనవో, ఏవి మళ్లీ చేయవలసినవో తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

తనకు ప్రచారం అక్కరలేదని సారు వీడియోల్లోనే చెబుతుంటారు కాబట్టి ఇక్కడ ఆయన పేరు గానీ చానెల్ పేరు గానీ రాయడం లేదు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల సైన్స్ ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి ఆ లింకులు కొత్తవి కావు. వీడియోలన్నీ ఇంటి డాబా మీద, ఒక పాత టేబుల్ ముందు తీసినవే. పదో తరగతి జీవశాస్త్రంలోని పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన, నియంత్రణ పాఠాల వరుసనే ఆయన అనుసరిస్తారు. తొమ్మిదో తరగతి అంశాలు కొన్ని అక్కడక్కడ కలుస్తాయి.

ముందుగా శ్వాసక్రియ వీడియో గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ సారు పద్ధతి ఏమిటో అందులోనే పూర్తిగా తెలుస్తుంది. లీటరు నీళ్ల సీసా అడుగును కోసివేసి, మూతకు రంధ్రం చేసి, అందులోంచి పాత పెన్ను గొట్టాన్ని దూర్చి, దాని కింది చివరకు ఒక బెలూన్ కట్టి, సీసా అడుగున మరో బెలూన్‌ను కోసి సాగదీసి బిగించడం చాలామందికి తెలిసిన ప్రయోగమే. అడుగున ఉన్న రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. చాలా వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి. ఈ సారు ఇక్కడ మొదలుపెడతారు. పెన్ను గొట్టం పైకొనను ముందే వేలితో మూసి, రబ్బరును లాగి పట్టుకుని, ఇప్పుడు బెలూన్ ఎందుకు ఉబ్బడం లేదని అడుగుతారు. మన పిల్లల్లో నూటికి తొంభై మంది గాలి లోపలికి వెళ్లడం వల్లనే ఛాతీ పెరుగుతుందని అనుకుంటారు, పరీక్షలో అలాగే రాస్తారు కూడా. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర అయిన విభాజక పటలం సంకోచించి, పక్కటెముకల మధ్య ఉండే కండరాలు పక్కటెముకలను పైకీ బయటికీ లేపడం వల్ల ఛాతీ కుహరం విశాలమవుతుంది, లోపలి పీడనం బయటి వాతావరణ పీడనం కన్నా కొద్దిగా తగ్గుతుంది, అప్పుడు గాలి తనంత తానుగా లోపలికి వస్తుంది. గొట్టం కొనను వేలితో మూసినప్పుడు రబ్బరును లాగడం ఎంత కష్టమవుతుందో చేతికి తెలుస్తుంది కాబట్టి, ఈ సంగతిని పిల్లలు వినడం కాకుండా తమ చేత్తోనే పట్టుకుంటారు.

ఆ తర్వాత ఆయన అనే మాట నాకు బాగా నచ్చింది. "పిల్లలూ, ఇది బొమ్మ. మీ ఛాతీలో అచ్చం ఇలా ఉండదు. ఎక్కడెక్కడ వేరుగా ఉంటుందో ఇప్పుడు చూద్దాం" అని చెప్పి, ఒక్కొక్క తేడానూ బోర్డు మీద రాస్తారు. సీసా గోడ కదలదు, మన పక్కటెముకల గూడు కదులుతుంది. సీసాలోని రబ్బరు మామూలుగా చదునుగా ఉండి లాగితే కిందికి వంగుతుంది, మన విభాజక పటలం మామూలుగా గొడుగులా పైకి ఉబ్బి ఉండి సంకోచించినప్పుడు చదునవుతుంది. సీసాకూ బెలూన్‌కూ మధ్య చాలా ఖాళీ ఉంటుంది, మన ఊపిరితిత్తులకూ ఛాతీ గోడకూ మధ్య పలుచని ద్రవపు పొర మాత్రమే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊపిరితిత్తి లోపల ఖాళీగా ఉండే సంచి కాదు. దీన్ని చూపించడానికి ఆయన బెలూన్ పక్కన గిన్నెలు తోమే స్పాంజి ముక్కను పెట్టి, కోట్ల కొద్దీ వాయుగోణులు, అంటే సూక్ష్మమైన గాలి సంచులు, ఉన్న కణజాలం దీనికి దగ్గరగా ఉంటుందని చెప్పి, వెంటనే స్పాంజి రంధ్రాలు కంటికి కనిపిస్తాయి గానీ వాయుగోణులు కనిపించవని కూడా అంటారు. నమూనాలతో బోధించేటప్పుడు ఉండే ప్రమాదం అదే. పిల్లలు నమూనాను గుర్తుపెట్టుకుని శరీరాన్ని మరిచిపోతారు. ఆ ప్రమాదాన్ని ముందే ఊహించి ఆయన జాగ్రత్తపడిన చోటల్లా వీడియో అద్భుతంగా ఉంది, ఆ జాగ్రత్త లోపించిన చోట వీడియో దెబ్బతింది. ఈ చానెల్ మొత్తం మీద నా అభిప్రాయం ఇదే.

ప్రసరణ వ్యవస్థ మీద ఆయన చేసిన వీడియోలు ఈ చానెల్‌కే తలమానికం. మొదటి వీడియోలో నాడీ స్పందన చూపించడానికి చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్లను నిలబెట్టి మణికట్టు మీద పెడతారు. ఇది మన పాఠ్యపుస్తకంలో ఉన్న కృత్యమే. అయితే గుండీని ఎక్కడ పెట్టాలో తెలియక చాలామంది పిల్లలు పుల్ల కదలడం లేదని వదిలేస్తారు. బొటనవేలి వైపు, మణికట్టు ఎముకకు కొంచెం లోపలగా, ముందు మూడు వేళ్లతో నాడిని వెతికి పట్టుకుని, ఆ చోటనే గుండీ పెట్టాలని ఆయన దగ్గరి నుంచి కెమెరాతో చూపిస్తారు. పుల్ల కొన చిన్నగా తల ఊపడం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. తరువాత గట్టి కాగితాన్ని గొట్టంగా చుట్టి స్నేహితుడి ఛాతీకి ఆనించి చెవి పెట్టడం ఉంటుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు రెనె లెనెక్ స్టెతస్కోప్‌కు శ్రీకారం చుట్టింది ఇలా చుట్టిన కాగితంతోనే. గరాటుకు గొట్టం తగిలించి చేసే స్టెతస్కోప్ కన్నా ఈ కాగితపు గొట్టమే ముందు చేయించడం సరైన వరుస అని నా అభిప్రాయం. గరాటు స్టెతస్కోప్ గొట్టానికి మందుల దుకాణంలో కొత్త సెలైన్ సెట్ కొనాలి తప్ప, ఆసుపత్రిలో వాడి పారేసినది ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దని ఆయన రెండుసార్లు హెచ్చరించడం చాలా మంచి పని. మా పిల్లల్లో కొందరికి ఆ ఆలోచన వచ్చే అవకాశం ఉంది కాబట్టి చెబుతున్నాను.

అసలు వీడియో మేక గుండెకాయది. మటన్ దుకాణంలో గుండెకాయను గాటు పెట్టకుండా, పైన రక్తనాళాల మొదళ్లు వీలైనంత పొడవుగా ఉంచి ఇవ్వమని ముందురోజే చెప్పుకోవాలని ఆయన ఇచ్చే సలహాను పాటించకపోతే సగం పాఠం పోతుంది. మామూలుగా దుకాణంవాళ్లు ఆ నాళాలను మొదట్లోనే కోసేస్తారు. కత్తి పెట్టకముందే రెండు వేళ్లతో గుండెను నొక్కి చూడమంటారు. ఒక పక్క గట్టిగా, మరో పక్క మెత్తగా ఉంటుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమవైపు కింది గది. కోసి చూస్తే దాని గోడ కుడి జఠరిక గోడకు దాదాపు మూడు రెట్ల మందం ఉంటుంది. ఎడమ జఠరిక ఎక్కువ రక్తాన్ని పంపుతుంది కాబట్టి దాని గోడ మందంగా ఉంటుందని చెప్పే ఉపాధ్యాయులను నేను చూశాను. సారు ఆ పొరపాటును ప్రత్యేకంగా ఎత్తి చూపి సరిదిద్దుతారు. మనిషి గుండెలో ఒక్కో స్పందనకు రెండు జఠరికలూ ఇంచుమించు 70 మిల్లీలీటర్ల చొప్పున ఒకే పరిమాణంలో రక్తాన్ని నెడతాయి. కుడివైపు నుంచి వెళ్లేది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు, ఎడమవైపు నుంచి వెళ్లేది తల నుంచి అరికాలి దాకా. తేడా పీడనంలో ఉంది. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఐదు లీటర్ల పైచిలుకు అవుతుందని, అంటే ఒంట్లో ఉన్న రక్తమంతా ఇంచుమించు నిమిషంలో ఒకసారి గుండె గుండా తిరిగివస్తుందని పిల్లలతోనే లెక్క కట్టిస్తారు.

ఆ తర్వాత ఎడమ జఠరిక నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమని మొదట్లో నెమ్మదిగా నీళ్లు పోస్తారు. నీళ్లు గుండెలోకి జారిపోకుండా నిలుస్తాయి. పై నుంచి చూస్తే మూడు పలుచని రేకులు ఒకదానికొకటి ఆనుకుని మూసుకుని ఉండడం కనిపిస్తుంది. అర్ధచంద్రాకార కవాటాలు అని మనం బోర్డు మీద గీసే గీతలు ఇవేనని తెలిసినప్పుడు మా పిల్లలు ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూశారు. ఇంకా ఒక్క అడుగు ముందుకు వేసి, ఆ రేకులకు కాస్త పైన ధమని గోడలో ఉన్న చిన్న రంధ్రంలోకి సన్నని చీపురు పుల్లను దూర్చి, అది గుండె పైపొర కింద ఎటు వెళుతుందో చూపిస్తారు. గుండె కండరానికి రక్తాన్ని అందించే హృదయ ధమని ఇదే. ఇంట్లో ఎవరికైనా గుండెకు స్టెంట్ వేశారంటే అది వేసింది ఇలాంటి నాళంలోనేనని ఆయన అన్నప్పుడు, ఆ మాట ఇంట్లో విన్న పిల్లలకు పాఠం ఒక్కసారిగా దగ్గరైంది. నిజమైన అవయవం ముందు పెట్టినప్పుడు బొమ్మకూ శరీరానికీ తేడా చెప్పవలసిన పని తప్పుతుంది కదా అని అనుకుంటాం గానీ, రక్తం లేని గుండె ఇలా వదులుగా ఉంటుందని, బతికి ఉన్న గుండె నిండుగా, బిగువుగా ఉంటుందని చెప్పడం కూడా ఆయన మరచిపోలేదు. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు వీడియో చూసి బొమ్మ గీస్తే చాలని మొదట్లోనే చెప్పడం బాగుంది.

సిరల కవాటాల మీద చేసిన చిన్న వీడియోను ఎవరూ వదులుకోకూడదు. అందులో పరికరమే లేదు. పొలం పని చేసే ఒక పెద్దమనిషి ముంజేయి, ఒక తువ్వాలు, అంతే. మోచేతి పైన తువ్వాలు కొంచెం బిగించి కట్టగానే సిరలు తేలుతాయి, వాటి మీద అక్కడక్కడ చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి, కవాటాలు ఉండేది అక్కడే. మణికట్టు వైపు సిర మీద ఒక వేలు అదిమిపెట్టి, మరో వేలితో రక్తాన్ని మోచేతి వైపు ముడి దాటేదాకా తోసి ఆ వేలు తీసేస్తే, మధ్య భాగం ఖాళీగానే ఉండిపోతుంది, పై నుంచి రక్తం వెనక్కి రాదు. అదిమిన వేలు తీయగానే కింది నుంచి నిండుతుంది. విలియం హార్వే 1628లో రక్త ప్రసరణను నిరూపిస్తూ ప్రపంచానికి చూపిన ప్రయోగం ఇది. నాట్లు వేసే, తట్టలు మోసే మన పల్లెల మనుషుల చేతులు దీనికి ఎంతగా అనుకూలిస్తాయో చూసి నాకు గర్వంగా అనిపించింది. కట్టు కొద్ది నిమిషాలకు మించి ఉంచకూడదని మాత్రం తెర మీద రాసి ఉంటే బాగుండేది.

లాలాజలం వీడియో క్లుప్తంగా, పొందికగా ఉంది. చల్లార్చిన గంజిలో లాలాజలం కలిపి కొంతసేపు ఆగి, బెటాడిన్ చుక్క వేస్తే నీలం రంగు రాదు, కలపని గ్లాసులో వస్తుంది. మూడో గ్లాసులో మరగబెట్టిన లాలాజలం వేసి, అందులో నీలం రంగు వస్తుందని చూపడమే ఆ వీడియోకు ప్రాణం, ఎందుకంటే వేడికి ఎంజైము పాడవుతుందన్న సంగతి దానితోనే రుజువవుతుంది. ఎవరి లాలాజలం వారే వాడాలని, ఆ గ్లాసులను మళ్లీ తాగడానికి వాడకూడదని చెప్పారు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఎముకల వీడియో. కోడి కాలి ఎముకను శుభ్రం చేసి కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టి, మధ్యలో వెనిగర్ మారుస్తూ పోతే, అది రబ్బరులా వంగుతుంది. మరో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చితే ఆకారం అలాగే ఉంటుంది గానీ వేలితో నొక్కితే పొడి అవుతుంది. మొదటి దానిలో ఖనిజం పోయి కొల్లాజెన్ అనే ప్రోటీన్ మిగిలింది, రెండో దానిలో కొల్లాజెన్ పోయి ఖనిజం మిగిలింది. ఎముక బలం ఈ రెండూ కలిసి ఉండడంలో ఉందని ఇంతకన్నా తేటగా చూపించడం కష్టం. అక్కడి నుంచి ఆయన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరు నీళ్ల దగ్గరికి వస్తారు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోంచి భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ చేరుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు మాత్రమే అనుమతించవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. ఆ పరిమితికి మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే, ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. ఎముక చూడడానికి దట్టమవుతుంది గానీ పెళుసవుతుంది, కీళ్ల చుట్టూ ఉండే బంధకాలు గట్టిపడతాయి, వెన్ను వంగకుండా బిగుసుకుపోతుంది. దంతాలు ఏర్పడే చిన్న వయసులోనే ఈ నీరు తాగిన పిల్లల పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు వస్తాయి, పెద్దయ్యాక తాగడం మొదలుపెట్టినవారికి ఆ మచ్చలు రావు. ఇంత వివరించి, వెనిగర్‌లో మెత్తబడిన ఎముకను ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు) సోకిన ఎముక అనుకోవద్దని, ఇక్కడ ఖనిజం తగ్గిందని, అక్కడ ఖనిజం స్వభావమే మారిందని ఆయన నొక్కి చెబుతారు. ఆ ఒక్క హెచ్చరిక లేకపోతే ఈ వీడియో మేలుకన్నా కీడే ఎక్కువ చేసేది.

దీని రెండో భాగంలో ఒక బకెట్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తెల్లని తెట్టులు ఏర్పడి అడుగుకు చేరడం చూపిస్తారు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి ఇది, ప్రపంచమంతటా దీన్ని మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అంటారు. ఈ నీటిని ఇంట్లో తాగడానికి వాడవద్దని, నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ కొలిస్తే తప్ప పటిక ఎంత వేయాలో తెలియదని, లెక్క తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుందని, మిషన్ భగీరథ ద్వారా శుద్ధిచేసిన నీరు ఇంటికి వస్తున్నప్పుడు తాగడానికి ఆ నీటినే వాడాలని ఆయన చెప్పిన తీరు బాధ్యతగల ఉపాధ్యాయుడు చెప్పవలసిన తీరు. ఫ్లోరోసిస్ బాధితుల ఫొటో ఒక్కటి కూడా చూపకుండా ఇదంతా చెప్పడం నన్ను కదిలించింది. మన ఊళ్లలో నడుములు వంగిన పెద్దలను ప్రదర్శన వస్తువులుగా చూపిన వీడియోలు మనం చాలానే చూశాం. ఒక లోటు మాత్రం ఉంది. కాల్షియం తక్కువగా ఉన్న ఆహారం తినేవారికి ఫ్లోరైడ్ వల్ల హాని ఎక్కువ కలుగుతుందన్న సంగతి ప్రస్తావనకు రాలేదు. పాలు, రాగులు, ఆకుకూరల మాట ఒక్కటి చేర్చి ఉంటే ఇంటికి పనికొచ్చే పాఠం అయ్యేది.

విసర్జన వీడియో నన్ను నిరుత్సాహపరిచింది. సీసాలో ఇసుక, బొగ్గు, గుడ్డ పొరలుగా పెట్టి, పైన బురదనీళ్లు పోసి, కింద తేటనీరు రావడం చూపించి, మూత్రపిండం రక్తాన్ని ఇలాగే శుభ్రం చేస్తుందని చెప్పి ముగించారు. ఈ నమూనా అసలు విషయానికి అడ్డంగా నిలుస్తుంది. ఇందులో చెత్త పైన ఆగిపోతుంది, మంచినీరు కిందికి వస్తుంది. మూత్రపిండంలోని సూక్ష్మ వడపోత గొట్టమైన నెఫ్రాన్‌లో రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే ఆగిపోతాయి, నీరు, గ్లూకోజు, లవణాలు, యూరియా అన్నీ కలిసి వడపోతలో బయటికి వస్తాయి. ఒక రోజులో ఇలా వడపోతకు గురయ్యే ద్రవం సుమారు 180 లీటర్లు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉండి, అందులో 99 శాతానికి పైగా నీటినీ, మామూలుగా గ్లూకోజునంతటినీ తిరిగి రక్తంలోకి తీసుకోబట్టే మనకు రోజుకు లీటరున్నర మూత్రం మాత్రమే వస్తుంది. అంటే మూత్రపిండం గొప్పతనమంతా తిరిగి తీసుకోవడంలో ఉంది, వీడియోలో ఆ మాటే లేదు. ఊపిరితిత్తుల వీడియోలో ఇది బొమ్మ అని చెప్పిన సారు, ఇక్కడ ఆ మాట ఎందుకు చెప్పలేదో నాకు అంతుపట్టలేదు.

దీనికి బదులు నేను తరగతిలో చేయించేది ఇది. శనగలు, ఆవాలు, రవ్వ, బియ్యం నూక కలిపి జల్లెడలో పోసి ఆడించాలి. శనగలు పైన ఆగుతాయి, అవి రక్తకణాలు, ప్రోటీన్లు. మిగతావన్నీ కింది పళ్లెంలో పడతాయి. ఇప్పుడు పళ్లెంలోంచి ఒంటికి కావలసిన నూకను, అంటే గ్లూకోజును, పిల్లలు వేళ్లతో ఏరి పైకి వేయాలి, నీటికీ లవణాలకూ గుర్తుగా ఉన్న రవ్వలోనూ చాలా భాగం తిరిగి తీసుకోవాలి. ఆవాలను వదిలేయాలి, అది యూరియా. చివరికి పళ్లెంలో మిగిలిందే మూత్రం. జల్లించడం ఇట్టే అయిపోతుంది గానీ ఏరడానికి ఎంత ఓపిక కావాలో చేసినవారికి తెలుస్తుంది, నెఫ్రాన్ ఆ పనికి శక్తిని ఎందుకు ఖర్చు చేస్తుందో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు. నిజంగా అక్కడ చేతులు ఉండవని, గొట్టం గోడలోని కణాలే ఆ పని చేస్తాయని, నిజానికి కొంత యూరియా కూడా వెనక్కి వెళుతుందని చివర చెప్పాలి.

డీఎన్ఏ వీడియోలోనూ ఇలాంటి లోపమే ఉంది. అరటిపండును మెదిపి, ఉప్పు, గిన్నెలు తోమే ద్రవం కలిపి వడగట్టి, పైన చల్లని స్పిరిట్ పోస్తే తెల్లని పోగులు తేలుతాయి. అవి లెక్కలేనన్ని డీఎన్ఏ అణువులు ముద్దకట్టినవని, వాటితో ప్రోటీన్లు, పండులోని పెక్టిన్ అనే జిగురు కూడా కలిసి ఉంటాయని, మెలితిరిగిన నిచ్చెన రూపం ఇలా కంటికి కనిపించదని చెప్పకుండా, ఇదే డీఎన్ఏ అని వేలు పెట్టి చూపించారు. మా తరగతిలో ఒక అమ్మాయి ఆ పోగును పుల్లతో లేపి, మెలికలు ఎక్కడున్నాయని చాలాసేపు వెతికింది.

కండరాల అలసట వీడియోలో బట్టల క్లిప్పును వేళ్లతో నిమిషంపాటు ఆపకుండా తెరుస్తూ మూస్తూ లెక్కపెట్టే కృత్యం సులువైనది, చిన్న తరగతులకు కూడా పనికొస్తుంది. కండరంలో శక్తి నిల్వ గురించి చెబుతూ, ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించినది మన ఎల్లాప్రగడ సుబ్బారావు అని గుర్తుచేయడం ముచ్చటగా ఉంది. అలసటకు కారణం లాక్టిక్ ఆమ్లం పేరుకోవడమేనని ఖరారుగా చెప్పడం మాత్రం ఇప్పటి శరీరధర్మ శాస్త్రానికి సరిపోదు. అనేక కారణాల్లో దాని పాత్ర మీద చర్చ ఉందని ఒక్క వాక్యం చేర్చవలసింది.

నియంత్రణ పాఠానికి చేసిన స్కేలు వీడియో నిర్దుష్టంగా ఉంది. పైనుంచి వదిలిన స్కేలును వేళ్లతో పట్టుకుని, ఎన్ని సెంటీమీటర్లు జారిందో చూసి సమయం లెక్కకట్టడం అది. 15 సెంటీమీటర్లు జారితే సుమారు 0.175 సెకను, 20 సెంటీమీటర్లు జారితే సుమారు 0.2 సెకను. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు కూడా దీన్ని వాడుకోవచ్చు. స్కేలును పట్టుకోవడం మెదడు ఆదేశంతో జరిగే పని అని, మోకాలి చిప్ప కింద తట్టినప్పుడు కాలు ఎగరడం వెన్నుపాము స్థాయిలోనే ముగిసే ప్రతీకార చర్య అని, రెండింటినీ ఒకటిగా రాస్తే మార్కులు పోతాయని ఆయన స్పష్టం చేశారు.

ప్రత్యుత్పత్తి పాఠంలో రుతుచక్రం గురించి ఒక మహిళా ఉపాధ్యాయురాలి చేత చెప్పించారు. గుడ్డతో కుట్టిన గర్భాశయం నమూనాలో ఎర్రటి లోపలి పొరను విడిగా తీసి చూపుతూ ఆమె చెప్పిన తీరులో సంకోచం లేదు, అనవసరమైన గంభీరత లేదు. ఆ భాగాన్ని అమ్మాయిలకూ అబ్బాయిలకూ కలిపే చూపించాను. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థను మాత్రం సారు పటం మీద హడావుడిగా చదివేసి దాటేశారు. అబ్బాయిలకు కూడా అంతే నిదానంగా చెప్పేవారు కావాలి.

చిత్రీకరణ సంగతికి వస్తే, కెమెరా చేతుల మీద నిలకడగా ఉంటుంది, అతికించేటప్పుడు, కోసేటప్పుడు ఏదీ దాటవేయరు. గాలి వీచే రోజుల్లో తీసిన వీడియోల్లో మాట సరిగా వినబడదు. తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద పెడితే వెనక బెంచీల వారికి ఇది మరీ ఇబ్బంది అవుతుంది, కాలర్‌కు పెట్టుకునే చిన్న మైకు వాడితే చాలు. పాఠాల వారీగా జాబితాలు చేసి పెట్టకపోవడం వల్ల కావలసిన వీడియోను వెతుక్కోవడానికి సమయం పడుతుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో సిగ్నల్ అందని ఇళ్ల పిల్లల కోసం బడిలోనే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవడం మేలు. ప్రతి వీడియో కింద కావలసిన వస్తువుల పట్టిక తెలుగులో ఇవ్వడం మెచ్చుకోదగినది. ఆ వస్తువులన్నీ ఊళ్లోని కిరాణా, స్టేషనరీ, మందుల దుకాణాల్లో దొరికేవే. ఇంట్లో వేలికి సూది గుచ్చి రక్తం గ్రూపు చూసే ప్రయోగం చేయమని కొందరు అడిగినా, అది ప్రయోగశాలలో శిక్షణ పొందినవారు చేయవలసిన పని అని ఆయన ఒప్పుకోలేదు. సరైన నిర్ణయం.

నీట్‌కు చదివే ఇంటర్ విద్యార్థులు ఈ వీడియోలను మాత్రమే నమ్ముకుంటే చాలదు, ఆ స్థాయి వివరాలు ఇందులో ఉండవు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు, వారి తల్లిదండ్రులకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన బయోసైన్స్ ఉపాధ్యాయులకు ఇవి నిస్సందేహంగా పనికొస్తాయి. కొత్తగా చూడబోయేవారు శ్వాసక్రియతో మొదలుపెట్టి, సిరల కవాటాలు, మేక గుండెకాయ, ఎముకలు అనే వరుసలో చూడమని నా సలహా. విసర్జన వీడియోను సారు మళ్లీ తీసేదాకా పిల్లలకు చూపించవద్దు. జల్లెడ కృత్యాన్ని వివరంగా రాసి ఆయనకు పంపించాను. ఆయన దాన్ని వాడుకున్నా, అంతకన్నా మెరుగైనది ఏదైనా చేసినా, వడపోత తర్వాత జరిగే తిరిగి తీసుకోవడం మాత్రం తప్పకుండా చూపించాలని కోరాను.